క్వార్టర్‌బ్యాక్‌కి వయసు మీద పడితే ముందు తగ్గేది ఏది?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి అందుకుని సహచరులకు విసిరి ఆట నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని పాస్‌తో బంతి ఎదుటి జట్టు చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఎదుటి జట్టువాడు ఆ పాస్ పట్టేస్తే ఇంటర్సెప్షన్. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2013లో 55 టచ్‌డౌన్ పాస్‌లు వేసి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో రికార్డు సృష్టించిన పేటన్ మానింగ్, రెండేళ్లకే 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్సెప్షన్ల స్థితికి ఎలా వచ్చాడు? అతనికంటే ఏడాదిన్నర కూడా చిన్నవాడు కాని టామ్ బ్రేడీ 44వ ఏట లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు, ఎక్కువ టచ్‌డౌన్లు ఎలా వేశాడు? వయసు ఇద్దరికీ పెరిగేదే కదా, మరి ఈ తేడా ఎందుకు? టీవీలో "చెయ్యి అయిపోయింది" అంటుంటారు, దానర్థం ఏమిటి?

నేను డెన్వర్‌లో ఫిజికల్ థెరపిస్ట్‌ని. భుజాలు, తుంటి, మోకాళ్లు, ఇదే నా రోజువారీ పని. ఇక్కడి పాత క్వార్టర్‌బ్యాక్ జాన్ ఎల్వే చివరి సీజన్ల నుంచి మా ఊరి జట్టు బ్రాంకోస్ ఆటలు చూస్తున్నాను. మానింగ్ కెరీర్ ముగింపు ఈ ఊళ్లోనే జరిగింది కాబట్టి దాన్ని వారం వారం దగ్గరగా గమనించే వీలు దొరికింది.

అసలు జవాబు ముందే చెప్పేస్తాను. క్వార్టర్‌బ్యాక్‌కి చెయ్యి చాలాసార్లు చివర్లో పోతుంది. ముందు తగ్గేవి కాళ్లు, తుంటి, ఆదివారం తిన్న దెబ్బల నుంచి మళ్లీ ఆదివారానికి కోలుకునే శక్తి. అలా తగ్గినదాన్ని అనుభవం ఏళ్ల తరబడి కప్పి ఉంచుతుంది. అందుకే స్టార్ల అంకెలు చివరిదాకా బాగానే కనిపిస్తాయి. కప్పడానికి ఇక ఏమీ మిగలని సీజన్ ఒకటి వస్తుంది, అప్పుడు మనకు రాత్రికి రాత్రే కూలిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అది మూడు నాలుగేళ్లుగా జరుగుతూ ఉంటుంది.

బంతి విసరడం ఎలా జరుగుతుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ కుడి కాలితో నేలను వెనక్కి తంతాడు. ఎడమ పాదాన్ని ముందుకు వేసి గట్టిగా ఆనిస్తాడు. ఆ ఆనింపు మీద తుంటి తిరుగుతుంది, దాని వెనకే నడుము, ఛాతీ, భుజం, మోచేయి, మణికట్టు, చివరికి వేళ్లు. వేగంలో పెద్ద వాటా కింది నుంచి వస్తుంది. బౌండరీ దగ్గర నిలదొక్కుకుని వికెట్ కీపర్‌కి నేరుగా విసిరే ఫీల్డర్‌ని, పడిపోతూ విసిరే ఫీల్డర్‌ని పక్కపక్కన ఊహించుకోండి. ఇద్దరి చేతిబలం ఒకటే అయినా రెండో త్రో సగం దూరంలో నేల తాకుతుంది.

నలభై దగ్గరపడ్డవాళ్లు భుజం నొప్పి అని నా దగ్గరికి వస్తే నేను ముందు తుంటి ఎంతవరకు తిరుగుతోందో చూస్తాను. మంచం మీద పడుకోబెట్టి మోకాలు మడిచి, కాలిని లోపలికి, బయటికి తిప్పితే తెలిసిపోతుంది. కుర్రాళ్లలో కాలు సాఫీగా తిరుగుతుంది, నడివయసు వచ్చినవాళ్లలో చాలామందికి మధ్యలోనే పట్టేస్తుంది. తుంటి ఇవ్వాల్సిన తిప్పు ఇవ్వకపోతే ఆ లోటు భుజం మీద పడుతుంది. భుజం లోపలి రోటేటర్ కఫ్ స్నాయువులు అప్పటికే వేల త్రోలు మోసి పలచబడి ఉంటాయి. అదనపు బరువు పడేసరికి అవి వాస్తాయి, చిరుగుతాయి. స్కాన్‌లో భుజం గాయమే కనిపిస్తుంది, మూలం మాత్రం అక్కడికి రెండడుగుల కింద ఉంటుంది.

ఇప్పుడు ఆటలో దీని ఫలితం చూద్దాం. మైదానం మధ్యలో రెండు వరుసల చిన్న తెల్ల గీతలుంటాయి, హ్యాష్ మార్క్స్ అంటారు. ప్రతి ప్లే, అంటే ఆటలో ఒక్కో ప్రయత్నం, వాటి మీదో, వాటి మధ్యనో మొదలవుతుంది. బంతి ఎడమ హ్యాష్ మీద ఉందనుకోండి. పాస్ పట్టాల్సిన కుడి వైపు రిసీవర్ 15 గజాలు ముందుకు పరిగెత్తి ఠక్కున సైడ్‌లైన్ వైపు తిరుగుతాడు. లెక్కల్లో ఇది 15 గజాల పాసే. కానీ ఎడమ హ్యాష్ నుంచి కుడి సైడ్‌లైన్‌కి అడ్డంగా దాదాపు 30 గజాలుంది. క్వార్టర్‌బ్యాక్ కూడా ఏడు గజాలు వెనక్కి వెళ్లి విసురుతాడు. అంటే బంతి గాలిలో ఇంచుమించు 35 గజాలు పోవాలి. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, గంటకు 55 మైళ్ల వేగంతో వెళ్లే బంతి ఆ దూరాన్ని 1.3 సెకన్లలో దాటుతుంది. వేగం 50 మైళ్లకు తగ్గితే 1.43 సెకన్లు. తేడా సెకనులో ఎనిమిదో వంతు. ఆ సమయంలో పూర్తి వేగంతో వస్తున్న కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాసే డిఫెండర్) ఒక గజం ముందుకు వస్తాడు. అంతకుముందు వేలికొసలకు దొరకని బంతి ఇప్పుడు సరిగ్గా అతని ఛాతీ దగ్గరికి వస్తుంది, ముందు అడ్డు ఎవరూ ఉండరు, నేరుగా టచ్‌డౌన్. గంటకు ఐదు మైళ్ల తగ్గుదల టీవీలో మన కంటికి ఆనదు. ఎదుటి జట్టు కోచ్‌లకు మాత్రం వీడియోలో మొదటి వారమే తెలిసిపోతుంది.

తెలివైన క్వార్టర్‌బ్యాక్ దీన్ని అందరికంటే ముందు తనే పసిగడతాడు. అందుకే ఆ త్రో మానేస్తాడు. దాని బదులు ఆరు గజాల ఏటవాలు పాస్ (స్లాంట్), బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కి చిన్న పాస్, అడ్డంగా పరిగెత్తే టైట్ ఎండ్ అనే భారీ రిసీవర్‌కి పాస్. పదిహేనేళ్లుగా డిఫెన్సులను చదివినవాడు కాబట్టి స్నాప్‌కి, అంటే బంతి తన చేతికి అందడానికి ముందే ఎవరు ఖాళీగా ఉంటారో అతనికి తెలుసు. ఎక్కడికి వేయాలన్నది ముందే తేలిపోతుంది కనుక బంతి చేతిలో ఎక్కువసేపు ఉండదు. ఇక్కడే అభిమానులు మోసపోతారు, ఎందుకంటే ఈ దశలో పాస్‌లు పూర్తయ్యే శాతం తరచుగా పెరుగుతుంది.

న్యూ ఆర్లీన్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్‌ని చూడండి. 2018లో, 39వ ఏట, 74.4 శాతం పాస్‌లు పూర్తిచేసి రికార్డు సృష్టించాడు. మరుసటి ఏడాది 74.3. కాగితం మీద చూస్తే అతను జీవితంలోకెల్లా గొప్పగా ఆడుతున్న కాలం అది. కానీ 2020 జనవరిలో వైకింగ్స్‌తో జరిగిన ప్లేఆఫ్ ఆట గుర్తు తెచ్చుకోండి. రిసీవర్ డియాంటే హారిస్‌కి 50 గజాల లాంగ్ పాస్ వేసింది బ్రీస్ కాదు, జట్టులోని మరో క్వార్టర్‌బ్యాక్ టేసమ్ హిల్. లీగ్ చరిత్రలో అత్యంత కచ్చితమైన చేతుల్లో ఒకటి పక్కన ఉండగా లోతు పాస్‌కి వేరే మనిషిని దించాల్సి వచ్చింది. తర్వాతి సీజన్‌లో బ్రీస్‌కి 11 పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి దెబ్బతింది. అయినా తిరిగి వచ్చి ఆడాడు. 2021 జనవరి 17న బ్రేడీ జట్టు టాంపా బే చేతిలో 30-20తో ఓడిన ప్లేఆఫ్ అతని ఆఖరి ఆట. 34 సార్లు విసిరితే 134 గజాలే వచ్చాయి, మూడు ఇంటర్సెప్షన్లు. ఆ రోజు టాంపా డిఫెండర్లు ప్లే మొదలయ్యే గీతకు దగ్గరగా గుంపుకట్టి నిలబడ్డారు. వెనక్కి వెళ్లి కాపలా కాయాల్సిన అవసరమే వాళ్లకు కనిపించలేదు. బ్రీస్ అంటే నాకున్న గౌరవం అంతా ఇంతా కాదు. ఆ ఆట చూడటం నాకు కష్టమైంది.

ఇక మానింగ్. 2011లో ఆయన మెడకు వరుసగా ఆపరేషన్లయ్యాయి, సెప్టెంబర్‌లో ఎముకలను కలిపే ఫ్యూజన్ చేశారు, ఆ సీజన్ మొత్తం పోయింది. మెడలో నరం దెబ్బతింటే కుడిచేతి వెనక కండరానికి (ట్రైసెప్స్) బలం అందదు. ముప్ఫై ఐదేళ్ల వయసులో నరం కోలుకునే వేగం ఇరవైల్లో ఉన్నంత ఉండదు, కొన్నిసార్లు పూర్తిగా కోలుకోదు కూడా. వేలికొసల్లో స్పర్శ తిరిగి రాలేదని ఆయనే తర్వాత చెప్పాడు. తన పాత కోచ్ డేవిడ్ కట్‌క్లిఫ్ దగ్గరికి డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లి, పాదాలు ఎక్కడ పెట్టాలన్న దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. చెయ్యి ఇవ్వలేనిది కాళ్లతో, సమయంతో రాబట్టుకోవాలన్నదే ఆ కసరత్తు ఉద్దేశం. 2012 మార్చిలో ఇండియానాపొలిస్ కోల్ట్స్ వదిలేస్తే డెన్వర్ తీసుకుంది.

2013లో ఆ పద్ధతి పూర్తిగా పండింది. డెమారియస్ థామస్, ఎరిక్ డెకర్, వెస్ వెల్కర్, జూలియస్ థామస్, నలుగురూ తలా పదికి తక్కువ కాకుండా టచ్‌డౌన్ పాస్‌లు పట్టారు. మొదటి ఆటలోనే మానింగ్ బాల్టిమోర్ మీద ఏడు వేశాడు. స్పైరల్ అప్పటికే వణికేది. బంతి సరిగ్గా తిరగకుండా ఊగుతూ వెళ్లేది. అయినా రిసీవర్ తిరిగేలోపే అక్కడికి చేరేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. ఆ సీజన్ చివర్లో సియాటిల్‌తో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్ జరిగింది. మానింగ్ 34 పాస్‌లు పూర్తిచేశాడు, అప్పటికి అది సూపర్ బౌల్ రికార్డు. కానీ సియాటిల్ 43-8తో గెలిచింది. సియాటిల్ చిన్న పాస్‌లన్నీ ఇచ్చేసింది, పట్టినవాణ్ణి పట్టినచోటే పడేసింది, పైనుంచి వేయగలిగితే వేసుకో అని వదిలేసింది. 49 సార్లు విసిరితే వచ్చింది 280 గజాలు, అంటే ఒక్కో త్రోకి ఆరు గజాలు కూడా రాలేదు. 2015 పతనానికి సంబంధించిన సమాచారమంతా ఆ ఒక్క ఆటలో ఉంది. 55 టచ్‌డౌన్ల వెలుగులో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

2014 అక్టోబర్‌లో మానింగ్, పాత క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్రే పేరిట ఉన్న 508 కెరీర్ టచ్‌డౌన్ పాస్‌ల రికార్డు దాటాడు. అప్పటిదాకా అంతా బాగుంది. డిసెంబర్‌లో కుడి తొడ కండరం చిరిగింది. కుడి కాలు అంటే నేలను తన్నే కాలు. ఆ నెలలోనే సిన్సినాటిలో నాలుగు ఇంటర్సెప్షన్లు, ఆ తర్వాత ప్లేఆఫ్‌లో సొంత మైదానంలో కోల్ట్స్ చేతిలో ఓటమి. 2015లో ఎడమ పాదం అడుగున ప్లాంటార్ ఫాసియా అనే పట్టీ దెబ్బతింది. అది ముందుకు వేసి ఆనించే పాదం. అరికాలు మంట ఉన్నవాళ్లకు ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయడమే ఒక శిక్ష, అలాంటిది ఆ పాదం మీద ఒళ్లంతా ఆపి విసరాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. చేతిలో బలం ముందే తక్కువ, తన్నే కాలు ముందటేడు పోయింది, ఆనించే కాలు ఇప్పుడు పోయింది. ఇక అనుభవం దేన్ని వాడుకుని కప్పాలి?

2015 నవంబర్ 15న, డెన్వర్‌లో, కాన్సాస్ సిటీ మీద, ఫావ్రే గజాల రికార్డు దాటడానికి ఆయనకు మూడు గజాలు కావాలి. రానీ హిల్‌మన్‌కి నాలుగు గజాల చిన్న పాస్‌తో అది అయిపోయింది, ఆట ఆపి స్టేడియం మొత్తం చప్పట్లు కొట్టింది. అదే ఆటలో 20 త్రోలలో ఐదే పూర్తయ్యాయి, 35 గజాలు, నాలుగు ఇంటర్సెప్షన్లు, పాస్‌ల నాణ్యతను కొలిచే పాసర్ రేటింగ్ సున్నా. మూడో క్వార్టర్‌లో కోచ్ గ్యారీ కూబియాక్ ఆయన్ను కూర్చోబెట్టి బ్రాక్ ఆస్వైలర్‌ని దించాడు. అప్పటికి చరిత్రలో అందరికంటే ఎక్కువ గజాలు విసిరిన మనిషి రికార్డు దాటిన ఆటలోనే బెంచ్ మీదికి వెళ్లాడు.

ఇక్కడితో కథ అయిపోలేదు, వయసు గురించి మీరు తెలుసుకోవాల్సిన రెండో సంగతి ఇక్కడే ఉంది. ఆరేడు వారాలు పాదానికి విశ్రాంతి దొరికాక, ప్లేఆఫ్‌లకు ముందు ఆఖరి ఆట మధ్యలో మానింగ్ తిరిగి వచ్చాడు. అక్కణ్ణుంచి ఆయన చేసిన పని ఒక్కటే, ఆట పాడుచేయకుండా ఉండటం. లీగ్‌లో నంబర్ వన్ డిఫెన్స్ పక్కన ఉంది, వాన్ మిల్లర్, డిమార్కస్ వేర్ లాంటివాళ్లున్నారు. సూపర్ బౌల్‌కి ముందు కాన్ఫరెన్స్ ఫైనల్లో బ్రేడీ అప్పటి జట్టు న్యూ ఇంగ్లండ్ మీద 20-18తో గెలిచారు. సూపర్ బౌల్ 50లో కరోలినా మీద 24-10. మానింగ్ వంతు 13 పాస్‌లు, 141 గజాలు, ఒక్క టచ్‌డౌన్ పాస్ లేదు. 39వ ఏట ట్రోఫీ ఎత్తి మరుసటి నెలలో రిటైరయ్యాడు.

ఈ ఊరివాళ్లకు ఇది కొత్త కాదు. ఎల్వే కుర్రతనంలో మూడు సూపర్ బౌల్స్‌కి జట్టును ఒంటిచేత్తో తీసుకెళ్లి మూడింట్లోనూ ఓడాడు. 37వ ఏట, 1998 జనవరిలో గెలిచిన ఆటలో అతను పాస్‌లతో తెచ్చింది 123 గజాలే. రన్నింగ్ బ్యాక్ టెరెల్ డేవిస్ 157 గజాలు పరిగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు. మరుసటి ఏడాది డేవిస్ సీజన్‌లో 2,008 గజాలు పరిగెత్తాడు, ఎల్వే రెండో ట్రోఫీ తీసుకుని రిటైరయ్యాడు. ఆనాడు కూబియాక్ ఆ జట్టు అఫెన్స్ కోచ్, అంతకుముందు ఆటగాడిగా ఎల్వే వెనక బ్యాకప్. మానింగ్‌ని డెన్వర్‌కి తెచ్చింది మేనేజర్‌గా ఉన్న ఎల్వే. ముసలి క్వార్టర్‌బ్యాక్ భుజాల మీద నుంచి బరువు దించితే ఏం జరుగుతుందో వాళ్లిద్దరికీ స్వానుభవం. 2015 డిఫెన్స్‌ని అలా కట్టడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

బ్రేడీ సంగతికి వస్తే, చాలామంది అతని డైట్ గురించి మొదలుపెడతారు. నేను దానికి అంత ప్రాముఖ్యం ఇవ్వను. ఇరవై ఏళ్లపాటు నిద్ర, బరువు, రోజువారీ కసరత్తు తప్పకుండా పాటించడం మాత్రం నిజంగా పెద్ద విషయం. కానీ అసలు కారణం ఇంకా వెనక ఉంది. అతను ఎప్పుడూ వేగం మీద బతకలేదు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి ముందు 40 గజాలు పరిగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్న మనిషి, 199వ పేరుగా ఎంపికయ్యాడు. పోగొట్టుకోవడానికి వేగమే లేనప్పుడు వయసు తీసుకెళ్లేది తక్కువ. పాకెట్‌లో, అంటే తనను కాపాడే సహచరులు చుట్టూ కట్టే జాగాలో అరడుగు ఇటు, అరడుగు అటు జరగడం, బంతిని త్వరగా వదిలేయడం, ఇవి ముప్ఫైలోనే అతని ఆట, నలభై రెండులోనూ అదే ఆట. అతనికి పెద్ద గాయం ఒక్కటే, 2008లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే బంధకం తెగడం. నేల మీద పడ్డ డిఫెండర్ లేచి క్వార్టర్‌బ్యాక్ మోకాళ్ల మీదికి దూకకూడదని ఆ తర్వాత 2009లో నిబంధన బిగించారు. 2018లో శరీర బరువంతా వేసి పడేయడం మీద కూడా కఠినంగా వచ్చారు. 1970లలో ఆడినవాళ్లకు ఈ రక్షణ లేదు. ఇప్పటి క్వార్టర్‌బ్యాక్‌లు నలభై దాకా ఆడటంలో వైద్యానికి ఎంత వాటా ఉందో నిబంధనలకూ అంత ఉందని నా అభిప్రాయం.

బ్రేడీ విషయంలో జనం ఇంకో రకంగా కూడా బోల్తాపడ్డారు. 2019లో న్యూ ఇంగ్లండ్‌లో అతనికి 24 టచ్‌డౌన్లే వచ్చాయి, ఆ జట్టు తరఫున ఆఖరి త్రో ఇంటర్సెప్షనై అవతలి జట్టుకు టచ్‌డౌన్ అయింది. వయసైపోయిందన్నారు. మరుసటి సీజన్‌లో టాంపా బేకి మారి, మైక్ ఎవాన్స్, క్రిస్ గాడ్విన్, రిటైర్మెంట్ నుంచి తిరిగి వచ్చిన గ్రాంకౌస్కీ లాంటి రిసీవర్లు చుట్టూ ఉండగా 40 టచ్‌డౌన్లు వేసి, 43వ ఏట ఏడో సూపర్ బౌల్ గెలిచాడు. 2019లో మనం చూసింది వయసు కాదు, డిఫెండర్ల నుంచి విడిపోలేని రిసీవర్లు. 2021లో 5,316 గజాలు, 43 టచ్‌డౌన్లు. ఆ తర్వాత అతన్ని కాపాడే ముందు వరుస, అంటే లైన్ చెదిరింది: గార్డ్ అలీ మార్పెట్ రిటైరయ్యాడు, అలెక్స్ కాపా వేరే జట్టుకు వెళ్లాడు, సెంటర్ ర్యాన్ జెన్సెన్ శిక్షణ శిబిరంలోనే గాయపడ్డాడు. 2022లో బ్రేడీ 733 సార్లు విసిరాడు, ఒక సీజన్‌లో అంతకుముందు ఎవరూ అన్నిసార్లు విసరలేదు. టచ్‌డౌన్లు 25. ఒక్కో త్రోకి గజాలు 7.4 నుంచి 6.4కి పడిపోయాయి. అతను 22 సార్లే సాక్ అయ్యాడు (బంతి విసిరేలోపు నేలకూలడం), ఎందుకంటే దెబ్బ తగిలేలోపే బంతి వదిలేసేవాడు. లోతుగా పరిగెత్తే రిసీవర్ తెరుచుకునేదాకా ఆగాలంటే దెబ్బ తినడానికి సిద్ధపడాలి. 45 ఏళ్ల శరీరం అందుకు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అతని చెయ్యి చివరిరోజు దాకా బాగానే ఉంది. తగ్గింది దెబ్బకు నిలబడే ఓపిక.

ఈ హఠాత్పతనం మానింగ్ ఒక్కడిదే అనుకోకండి. న్యూయార్క్ జెయింట్స్‌కి ఆడిన వై.ఏ. టిటిల్ 1963లో 36 టచ్‌డౌన్లు వేసి, 1964లో 10 టచ్‌డౌన్లు, 22 ఇంటర్సెప్షన్లతో ముగించాడు. మైదానం మీద హెల్మెట్ లేకుండా, నుదుటి మీద రక్తంతో మోకరిల్లిన ఆయన ఫొటో ఆ సీజన్‌దే. ఫావ్రే 2009లో మిన్నెసోటా తరఫున, 40వ ఏట, 33 టచ్‌డౌన్లు, 7 ఇంటర్సెప్షన్లు. కెరీర్‌లోనే అత్యుత్తమ రేటింగ్. ఇక చాలనుకుంటున్న అతన్ని ముగ్గురు సహచరులు మిసిసిపీలోని ఇంటికి వెళ్లి ఒప్పించి తెచ్చారు. 2010లో 11 టచ్‌డౌన్లు, 19 ఇంటర్సెప్షన్లు. 297 ఆటలుగా తెగని వరుస భుజం గాయంతో ఆ డిసెంబర్‌లో తెగింది. ఒక్క ఏడాదిలో అతని తెలివి ఎక్కడికీ పోలేదు. ఆదివారానికి ఆదివారం కోలుకునే శక్తి పోయింది.

పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌లకు లెక్క వేరు. కరోలినా క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ 26వ ఏట, 2015లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. 35 టచ్‌డౌన్లు విసిరి, 10 పరిగెత్తి చేశాడు. రన్నింగ్ బ్యాక్ తినే దెబ్బలు తింటూ క్వార్టర్‌బ్యాక్ త్రోలు వేయాల్సి వచ్చింది. 2017లో రోటేటర్ కఫ్ ఆపరేషన్, 2019లో మళ్లీ భుజానికి, అదే ఏడాది పాదానికి గాయం. 2020లో న్యూ ఇంగ్లండ్‌లో 12 టచ్‌డౌన్లు పరిగెత్తాడు, విసిరింది ఎనిమిదే. అప్పటికి 31 ఏళ్లు. అలాంటివాళ్లకు పుట్టినతేదీ కంటే ఎన్ని దెబ్బలు తిన్నారన్నదే నిజమైన వయసు. ఇరవై తొమ్మిదికే ఆట వదిలేసిన ఆండ్రూ లక్ ఎక్కువ పరిగెత్తే రకం కాదు, అయినా ఆ గాయాల పరంపర చూసినవాణ్ణి కాబట్టి అతని నిర్ణయాన్ని నేను తప్పుపట్టను.

మరి ముందుగా ఎలా గుర్తుపట్టాలి? టచ్‌డౌన్లు, పూర్తయిన పాస్‌ల శాతం పక్కన పెట్టండి. అతను ఏ త్రోలు వేయడం మానేశాడో చూడండి. పైన చెప్పిన అవతలి హ్యాష్ నుంచి సైడ్‌లైన్ పాస్ ఆటకు ఒక్కటైనా వేస్తున్నాడా? పాకెట్‌లో చిన్న తోపులాట జరిగాక పాదాలు మళ్లీ సర్దుకుని విసురుతున్నాడా, వెనక కాలి మీదే వదిలేస్తున్నాడా? సెప్టెంబర్ ఆటకీ డిసెంబర్ ఆటకీ తేడా ఎంత? వయసు మీద పడ్డవాళ్లు సీజన్ మొదట్లో కుర్రాళ్లలాగే ఉంటారు, మంచు పడే వేళకు బయటపడతారు. 2021 నుంచి సీజన్ 17 ఆటలైంది, అది వీళ్లకు ఇంకో భారం. ఒక్కో త్రోకి వచ్చే గజాలు రెండేళ్లు వరుసగా తగ్గుతుంటే, చుట్టూ ఉన్న రిసీవర్లు, లైన్ మారలేదని చూసుకున్నాక, అప్పుడు వయసు అనుకోవచ్చు.

జట్లు కూడా ఈ అంచనాలో తరచుగా తప్పుతాయి. 2020 డ్రాఫ్ట్‌లో గ్రీన్ బే ఆరన్ రాడ్జర్స్ వారసుడిగా జోర్డన్ లవ్‌ని తీసుకుంది. రాడ్జర్స్ ఆ సీజన్‌లో 48 టచ్‌డౌన్లు, 5 ఇంటర్సెప్షన్లు, ఒక్కో త్రోకి 8.2 గజాలతో ఎంవీపీ అయ్యాడు, మరుసటి ఏడాది మళ్లీ అయ్యాడు. 2023లో న్యూయార్క్ జెట్స్‌కి వెళ్లి, మొదటి ఆటలో నాలుగో స్నాప్‌కే ఎడమ మడమ వెనకున్న అకిలీస్ స్నాయువు తెగ్గొట్టుకున్నాడు. కుడిచేతి వాటంవాడికి ఎడమ పాదం అంటే ఆనించే పాదం, ఎందుకంత కీలకమో పైన చెప్పాను. అకిలీస్ కుట్టాక పిక్క కండరం మునుపటి బలానికి రావడానికి కుర్రాళ్లకే ఏడాది పడుతుంది, అతనికప్పుడు 39. 2024లో తిరిగి వచ్చి 28 టచ్‌డౌన్లు, 11 ఇంటర్సెప్షన్లు వేశాడు. ఇంకా బాగానే ఆడుతున్నాడన్నారు చాలామంది. ఒక్కో త్రోకి గజాలు 6.7, జట్టు 17 ఆటల్లో గెలిచింది ఐదు. ఆ సీజన్ ఆటలు చూసే వీలుంటే మూడో డౌన్‌లో (పది గజాల కోసం ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఎనిమిది గజాలకు మించి కావాల్సిన ప్లేలు మాత్రమే ఏరి, బంతిని వదలకుండా అతని ఎడమ పాదాన్ని చూడండి. అది నేల మీద గట్టిగా ఆనిన త్రోలు ఎక్కడ పడ్డాయో, ఆననివి ఎక్కడ పడ్డాయో కాగితం మీద రెండు గడులు గీసి రాసుకోండి. మీరడిగిన ప్రశ్నకు నేను రాసినదానికంటే మంచి జవాబు అందులో దొరుకుతుంది.